వినపడని బేస్, ముగియని పాటలు

మెటాలికా బృందం 1988లో విడుదల చేసిన 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' ఆల్బం పేరు ఎత్తగానే, రాక్ సంగీతం కాస్త తెలిసిన వారెవరైనా మొదట అనే మాట ఒకటే: అందులో, పాట అడుగున మంద్రస్వరాలు పలికే బేస్ గిటార్ వినపడదు. ఆ మాట నిజమే. చెవులు రిక్కించి విన్నా, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నా, గిటార్ల అడుగున ఎక్కడో మసకగా ఒక మూలుగు తప్ప, ఇదీ బేస్ వరస అని వేలు పెట్టి చూపించగలిగిన చోట్లు ఈ అరవై అయిదు నిమిషాల ఆల్బంలో బహు తక్కువ. అయినా నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న రాక్ ఆల్బం ఇదే. ఇష్టమైన దానిలోని లోపాన్ని కూడా గుణంగా చెప్పుకోవడం అభిమానులకు అలవాటు. ఆ పని చేయకుండా దీని గురించి రాయడం సాధ్యమేనా అని చూడాలనిపించింది.

బేస్ లేకపోవడం తప్పే. దానికి తోడు ఇంకొక తప్పు ఉంది; దాని గురించి జనం తక్కువ మాట్లాడతారు. ఈ పాటలకు ఎక్కడ ఆగాలో తెలియదు. మొదటి తప్పును సరిదిద్దితే ఆల్బం బాగుపడుతుందని నా నమ్మకం. రెండో తప్పును సరిదిద్దితే మాత్రం, నేను ఇష్టపడేది కూడా దానితోపాటే కొట్టుకుపోతుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి 'లోపాలున్న గొప్ప ఆల్బం' అని తేల్చేయడం నాకు నచ్చదు.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. 1986లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' తరువాత థ్రాష్ మెటల్‌లో, అంటే హెవీ మెటల్ సంగీతంలోని అతి వేగమైన శాఖలో, మెటాలికాకు సాటి లేదనే పేరు వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 27న తెల్లవారుజామున, స్వీడన్‌లో పర్యటనలో ఉండగా వారి బస్సు బోల్తా పడి, బేస్ వాద్యకారుడు క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. అతని వయసు ఇరవై నాలుగేళ్లు. సంగీతశాస్త్రం మీద మంచి పట్టున్న బర్టన్, బేస్‌ను వెనక నిలబడి తాళం వేసే వాయిద్యంగా ఎన్నడూ చూడలేదు. మొదటి ఆల్బంలోనే అతనికి ఒంటరి బేస్ వాదన కోసం ఒక ట్రాక్ మొత్తాన్ని ఇచ్చారు. అటువంటి మనిషి స్థానంలోకి, కొన్ని వారాలు గడిచాయో లేదో, ఫ్లోట్సమ్ అండ్ జెట్సమ్ అనే బృందం నుంచి జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. మిగిలిన ముగ్గురు, అంటే గాయకుడూ గిటారిస్టూ అయిన జేమ్స్ హెట్‌ఫీల్డ్, డ్రమ్మరు లార్స్ ఉల్రిచ్, గిటారిస్టు కర్క్ హామెట్, దుఃఖానికి సమయం ఇచ్చుకోకుండా మళ్లీ వేదికలెక్కారు. ఆ దుఃఖంలో కొంత భాగం కొత్తవాడిని సతాయించడంగా బయటికి వచ్చిందని తరువాతి కాలంలో వాళ్లే ఒప్పుకున్నారు.

రికార్డింగు 1988 జనవరి చివరి నుంచి మే మొదటి వరకు లాస్ ఏంజెలెస్‌లోని వన్ ఆన్ వన్ స్టూడియోలో జరిగింది. గన్స్ ఎన్ రోజెస్ తొలి ఆల్బంతో పేరు తెచ్చుకున్న మైక్ క్లింక్ నిర్మాతగా పని మొదలైనా పొసగలేదు. అంతకుముందు రెండు ఆల్బంలకు తమతో పనిచేసిన డెన్మార్క్ నిర్మాత ఫ్లెమింగ్ రాస్ముసెన్‌ను మళ్లీ పిలిపించుకున్నారు. న్యూస్టెడ్ చెప్పినదాని ప్రకారం, తన భాగాలను అతను నిర్మాతగానీ, తోటి సభ్యులుగానీ పక్కన లేకుండానే, ఒక సహాయ ఇంజినీరుతో కూర్చుని వాయించాడు. తరువాత మిక్సింగ్ పనిని, అంటే విడివిడిగా రికార్డు చేసిన వాయిద్యాలను తగిన పాళ్లలో కలిపే పనిని, స్టీవ్ థాంప్సన్, మైకేల్ బార్బియెరో న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్స్‌విల్ స్టూడియోలో చేపట్టారు. ఆ వేసవిలో బృందం వాన్ హేలెన్ తదితరులతో కలిసి మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ పర్యటనలో ఉంది. కచేరీ ముగించుకుని విమానమెక్కి, హోరుకు దిమ్మెక్కిన చెవులతో స్టూడియోకు వచ్చి, ఇది పెంచండి, అది తగ్గించండి అని చెప్పి వెళ్లేవారు.

బేస్‌ను తగ్గించమన్నది ఉల్రిచ్ అని, తగ్గించాక ఇంకా తగ్గించమన్నాడని థాంప్సన్ తరువాతి ఏళ్లలో ఇంటర్వ్యూలలో చెప్పాడు. న్యూస్టెడ్ వాయించినది చాలా బాగుందని, మిక్సింగ్ సమయంలో తాను అక్కడ లేనని రాస్ముసెన్ చెబుతూ వచ్చాడు. ఎవరి మాట ఎలా ఉన్నా, సాంకేతికంగా ఏం జరిగిందో వినగానే అర్థమవుతుంది. హెట్‌ఫీల్డ్ గిటార్ ధ్వనిలో మధ్యస్థాయిని బాగా కోసేసి, అడుగు స్థాయినీ పై స్థాయినీ పెంచారు. ఆ అడుగు స్థాయి బేస్ ఉండవలసిన చోటు. పైగా న్యూస్టెడ్ పిక్‌తో (తీగను మీటే చిన్న పలకతో), గిటార్ రిఫ్‌ను (పాటలో తిరిగి తిరిగి వచ్చే చిన్న వరసను) స్వరానికి స్వరం అనుసరిస్తూ వాయించాడు. ఒకే చోట ఒకే వరసను ఇద్దరు వాయిస్తుంటే ఒకరు పక్కకు జరగాలి. జరగవలసి వచ్చింది కొత్తవాడే.

బేస్ వినపడకపోవడమే బర్టన్‌కు నివాళి అని, ఆ ఖాళీ అతను లేని లోటును వినిపిస్తోందని అనేవారు ఉన్నారు. ఈ వాదన వినడానికి అందంగా ఉంటుంది కాబట్టే నాకు దీని మీద అనుమానం. చనిపోయినవాడి కోసం బతికున్నవాడి నోరు నొక్కడాన్ని నివాళి అనలేం. ఆ ఖాళీని ఎవరూ ప్రణాళిక వేసి సృష్టించలేదు. అలసట, అహం, చెవుల బడలిక, గిటార్ మీద వ్యామోహం, కొత్తవాడంటే లెక్కలేనితనం కలిసి తయారైన ఖాళీ అది. వినేవారికి అందులో విషాదం స్ఫురిస్తే స్ఫురించవచ్చు, నాకూ అప్పుడప్పుడు స్ఫురిస్తుంది. అంతమాత్రాన దాన్ని ఉద్దేశపూర్వక కళగా ఒప్పుకోలేను.

ఇంతకీ బేస్ లేకపోతే ఏం పోయింది? 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'ను, దీన్ని వెంటవెంటనే వింటే తెలుస్తుంది. అక్కడ గిటార్ దెబ్బ పడినప్పుడు దాని వెనక ఒక బరువు కదులుతుంది, ఛాతీకి తగులుతుంది. ఇక్కడ దెబ్బ పదునుగా పడుతుంది గానీ బరువు రాదు. డ్రమ్స్ కూడా అలాగే ఉంటాయి. పెద్ద డ్రమ్ము మీద పడే కాలి దెబ్బ 'ధమ్' అనవలసింది పోయి 'టక్ టక్' మంటుంది. హాలు గోడల నుంచి తిరిగి వచ్చే గాలి ఈ రికార్డులో ఎక్కడా లేదు. మొత్తం ధ్వని ఎండిపోయి, నీరు పీల్చేసినట్టు, ఎముకలు బయటపడినట్టు ఉంటుంది. పెద్ద స్పీకర్ల మీద పెద్ద శబ్దంతో పెట్టుకుంటే గంట గడిచేసరికి చెవి అలసిపోతుంది. నా మటుకు నేను దీన్ని ఏకబిగిన విన్న సందర్భాలకంటే రెండు భాగాలుగా విన్న సందర్భాలే ఎక్కువ. మొదట దీన్ని రెండు ఎల్‌పీ రికార్డులుగా వేశారు కాబట్టి, ఆనాటి శ్రోతలకు మధ్యలో లేచి పళ్లెం తిప్పే విరామమైనా దొరికి ఉంటుంది.

ఆ ఎండిన ధ్వనిలో ఒక్క విషయం మాత్రం ఇంకే ఆల్బంలోనూ వినపడనంత స్పష్టంగా వినపడుతుంది. అది హెట్‌ఫీల్డ్ కుడిచెయ్యి. థ్రాష్ మెటల్‌లో పాటను నడిపేది ఆ చెయ్యే. అరచేతి అంచును తీగల మీద ఆన్చి, నాదాన్ని తుంచేస్తూ, పిక్‌ను ప్రతిసారీ కిందికే కొడుతూ, వేగం పెరిగినా పైకి కిందికి ఆడించే సులువు దారి పట్టకుండా వాయించే పద్ధతి అది. మణికట్టు మీద పడే శ్రమ మామూలుది కాదు. చాలా రికార్డుల్లో ఈ శ్రమ బేస్ రొదలో కలిసిపోయి ఒక సమష్టి గర్జనగా వినిపిస్తుంది. ఇక్కడ ఒక్కొక్క దెబ్బ విడివిడిగా, దాని ముందూ వెనకా ఉన్న చిన్న నిశ్శబ్దంతో సహా వినపడుతుంది. 'హార్వెస్టర్ ఆఫ్ సారో'లో చరణం కింద నడిచే బరువైన రిఫ్‌ను ఒకసారి కేవలం ఆ నిశ్శబ్దాల కోసం వినండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ధ్వనిని కత్తిరించేయడంలోనే దాని భీకరత్వమంతా ఉంది. బేస్ సరైన పాళ్లలో ఉంటే ఇది పోదు అని నా వాదన. ఎందుకంటే మంచి మిక్సింగ్ రెండింటికీ చోటు చూపిస్తుంది. అయితే మనకు దక్కిన రికార్డులో ఈ స్పష్టత ఉందన్న మాట దాచిపెట్టడం న్యాయం కాదు.

ఇక రెండో తప్పు, నిడివి. తొమ్మిది పాటలు, అరవై అయిదు నిమిషాలు. అయిదు నిమిషాల పైచిలుకుతో ముగిసేవి రెండే. రెండు పాటలు పది నిమిషాలకు కాస్త అటూఇటూగా ఉంటాయి. పేరు పాటలో, అంటే ఆల్బం పేరే ఉన్న పాటలో, గాత్రం మొదలయ్యేసరికే రెండు నిమిషాలు దాటిపోతాయి. రిఫ్ వస్తుంది, దానికి తోక వస్తుంది, లయ లెక్క మారుతుంది, మళ్లీ మొదటి రిఫ్ వస్తుంది, ఈసారి ఒక దెబ్బ తక్కువగా. పల్లవి అయిపోయిందనుకుంటే దానికి ఇంకొక మెట్టు. సొలో (ఒంటరి గిటార్ వాదన) ముగిసిందనుకుంటే ముందుమాటలో విన్న వరస మళ్లీ మొదటి నుంచి. బర్టన్ పోయాక, తమ సత్తా ఏమాత్రం తగ్గలేదని ప్రపంచానికి నిరూపించాలనే పట్టుదల ఇందులో నాకు వినిపిస్తుంది. ఒక్కొక్క పాటలో మూడు పాటలకు సరిపోయే సరుకు కుక్కారు.

దీని ఫలితం వాళ్లకే ముందు తెలిసింది. కచేరీల్లో పేరు పాట వాయిస్తుంటే ముందు వరుసల్లో జనం ముఖాలు వాడిపోవడం కనిపించిందని, దాన్ని ఇక వాయించకూడదని అనుకున్నామని హామెట్ తరువాత చెప్పాడు. నిజంగానే ఆ పాటను చాలా ఏళ్లు పక్కన పెట్టారు. 2007లో గానీ మళ్లీ వేదిక మీదికి రాలేదు. 1991లో బాబ్ రాక్ నిర్మాతగా వచ్చిన 'మెటాలికా' అనే నల్ల అట్ట ఆల్బంలో పాటలు కురచబడ్డాయి, రిఫ్‌లు తగ్గాయి, బేస్ నిండుగా వినిపించింది, ఆ ఆల్బం అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 'జస్టిస్' రెండు లోపాలనూ ఒకేసారి సరిదిద్దిన ఆల్బం అది. దాన్ని నేను గౌరవిస్తాను, ఎప్పుడైనా వింటాను. తిరిగి తిరిగి వెళ్లేది మాత్రం 'జస్టిస్' దగ్గరికే.

ఎందుకంటే ఆ నిడివిలో నాకు దొరికేది ఇంకెక్కడా దొరకదు. పేరు పాటనే తీసుకుందాం. అమెరికా జాతీయ ప్రతిజ్ఞలోని చివరి మాటలను తీసుకుని ఎత్తిపొడుపుగా మార్చిన శీర్షిక అది. డబ్బుకు లొంగిన న్యాయవ్యవస్థ గురించిన పాట. అట్ట మీద కూడా తాళ్లతో కట్టేసిన న్యాయదేవత విగ్రహం, తక్కెడలో కరెన్సీ నోట్లు. సందేశం కొత్తదేమీ కాదు, సాహిత్యంగా చూస్తే ఆ పాట పదాలు కాస్త మోటుగానే ఉంటాయి. ఒక నామవాచకం వెనక ఇంకొకటి పేర్చుకుంటూ పోతాడు హెట్‌ఫీల్డ్. కానీ సంగీతం ఆ పదాలకంటే తెలివైనది. కోర్టులో వాయిదా మీద వాయిదా పడుతున్నట్టు, ప్రతిసారీ తీర్పు వచ్చేస్తుందనిపించిన చోట పాట కొత్త కాగితం తీసి మొదటికి వస్తుంది. వినేవాడికి కలిగే విసుగు పాటలోని మనిషికి కలిగే విసుగే. వాళ్లు ఇలా ఆలోచించి కట్టారో లేదో నేను చెప్పలేను. నా చెవికి మాత్రం అది అతికింది. దాన్ని ఆరు నిమిషాలకు కుదిస్తే మోటు సందేశం మిగులుతుంది, సంగీతం చేసే వాదన పోతుంది.

మొదటి పాట 'బ్లాకెన్డ్' విషయంలో ఈ సమర్థింపు అవసరమే లేదు. గిటార్ వరసలను వెనక్కి తిప్పి పేర్చిన శ్రుతుల పొర ఒకటి దూరం నుంచి మెల్లగా పెరుగుతూ వస్తుంది; అది నిండుతున్న క్షణంలో రిఫ్ తెగిపడుతుంది. భూమి మాడి మసైపోవడం గురించిన పాట. మధ్యలో వేగం సగానికి పడిపోయి, అంతవరకు పరిగెత్తినది ఒక్కసారిగా నేల మీద పాదాలు ఈడుస్తుంది. అక్కడి నుంచి మళ్లీ పరుగందుకునే తీరు ఎన్నిసార్లు విన్నా పాతబడలేదు. ఈ ఆల్బంలో న్యూస్టెడ్ పేరు రచనలో కనిపించేది ఈ ఒక్క పాటకే. ఆల్బం తలుపు తెరిచే రిఫ్‌లో చెయ్యి ఉన్నవాడి వాయిద్యం అందులో వినపడదు!

'వన్' గురించి ఎవరు ఎంత రాసినా ఇంకా కొంత మిగులుతుంది. డాల్టన్ ట్రంబో 1939లో ప్రచురించిన 'జానీ గాట్ హిజ్ గన్' నవల దీనికి ఆధారం. మొదటి ప్రపంచయుద్ధంలో కాళ్లూ చేతులూ, చూపూ, వినికిడీ, మాటా పోగొట్టుకుని, ఆలోచన ఒక్కటే మిగిలిన సైనికుడి కథ. పాట యుద్ధభూమి చప్పుళ్లతో మొదలై, శుభ్రమైన గిటార్ మీద మూడు లెక్కల నెమ్మది నడకతో సాగుతుంది. హామెట్ తొలి సొలోలో విరుపు లేదు, వేగం లేదు. చీకట్లో దారి తడుముకుంటున్నట్టుంటుంది. చరణాలు మెత్తగా, పల్లవి గట్టిగా, ఇలా ఒక మామూలు విషాదగీతంలా నాలుగు నిమిషాలు నడుస్తుంది. ఆ తరువాత ఉల్రిచ్ రెండు కాళ్లతో పెద్ద డ్రమ్ముల మీద ఆరేసి దెబ్బల గుత్తులు మొదలుపెడతాడు. గుత్తి, చిన్న ఆగుడు, మళ్లీ గుత్తి. కొద్దిసేపటికి గిటార్ తుంచిన స్వరాలతో అదే లెక్కను అందుకుంటుంది. మెషిన్‌గన్ చప్పుడు అని అందరూ అంటారు, అది నిజమే. నాకు తోచేది ఇంకొకటి. ఆ కథలోని సైనికుడు చివరికి తలను దిండు మీద కొట్టుకుంటూ మోర్స్ సంకేతాలతో మాట్లాడడానికి ప్రయత్నిస్తాడు. ఆ గుత్తులూ ఆగుళ్లూ వింటుంటే తుపాకికంటే ముందు ఆ తల గుర్తుకొస్తుంది. ఇక్కడ పెద్ద డ్రమ్ము 'ధమ్' అని మోగి ఉంటే ఇంత తీవ్రంగా ఉండేది కాదేమో. ఆల్బం మొత్తంలో ఆ ఎండిన 'టక్ టక్' ధ్వని పాటకు ప్రాణం పోసిన చోటు ఇదొక్కటే అనిపిస్తుంది.

మెటాలికా తీసిన మొదటి వీడియో కూడా ఈ పాటదే. ట్రంబో తన నవలను తానే 1971లో సినిమాగా తీశాడు. ఆ సినిమా దృశ్యాలను, గోదాములో వాయిస్తున్న బృందం దృశ్యాలను కలిపి తీసిన ఆ వీడియో 1989 మొదట్లో ఎంటీవీలో వచ్చింది. రేడియో ఆదరణ లేకుండా ఎదిగిన బృందం ఒక్కసారిగా ఇళ్లలోకి వెళ్లింది.

'వన్' వెంటనే వచ్చే 'ద షార్టెస్ట్ స్ట్రా'ను చాలామంది దాటేస్తారు. ఏడున్నర నిమిషాల ఉధృతి తరువాత వచ్చే ఏ పాటకైనా ఆ గతి తప్పదు. అది కమ్యూనిస్టులన్న ముద్ర వేసి మనుషులను వెలివేసిన అమెరికా నల్లజాబితాల కాలం గురించిన పాట. ఆ జాబితాల్లోకెక్కి, 1950లో జైలుకు వెళ్లి, ఏళ్ల తరబడి సొంత పేరు లేకుండా హాలీవుడ్‌కు సినిమాలు రాసిన రచయితల్లో ట్రంబో ఒకడు. అతని నవలలోంచి పుట్టిన పాట, అతన్ని వెలివేసిన వ్యవస్థ మీద పాట, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఇది అనుకుని చేశారనే ఆధారం నాకేదీ కనపడలేదు, అయినా ఈ సంగతి గ్రహించినప్పటి నుంచి ఆ రెండు పాటలను విడదీసి వినడం మానేశాను. అలా విన్నాక 'షార్టెస్ట్ స్ట్రా' విలువ నా లెక్కలో బాగా పెరిగింది.

నిడివి నిజంగా భారమైన చోట్లు కూడా ఉన్నాయి, అవి చెప్పకపోతే ఇదంతా భజన అవుతుంది. 'ఐ ఆఫ్ ద బిహోల్డర్' భావప్రకటన స్వేచ్ఛ గురించిన పాట. పల్లవి దగ్గర నడక మారి ఊగడం బాగుంటుంది, కానీ మొదటి మూడు నిమిషాల్లో చెప్పినదే తరువాతి మూడున్నర నిమిషాల్లోనూ చెబుతుంది. పేరు పాట వెనకే రావడం దాని దురదృష్టం. 'ద ఫ్రేడ్ ఎండ్స్ ఆఫ్ సానిటీ'లో ఆల్బంలోకెల్లా మంచి జంట గిటార్ వరసలు కొన్ని ఉన్నాయి, మధ్యలోని వాద్యభాగం అద్భుతంగా ఉంటుంది. అయితే అక్కడికి చేరేసరికి ఓపిక సగం కరిగి ఉంటుంది. చాలా ఏళ్లు ఆ పాటను వేదిక మీద పూర్తిగా వాయించనే లేదు. అభిమానుల ఓట్లతో పాటలు ఎంచుకున్న 2014 పర్యటనలో, హెల్సింకిలో గానీ ఆ ముచ్చట తీరలేదు.

'టు లివ్ ఈజ్ టు డై' దగ్గర మాత్రం రెండు తప్పులూ ఒకే చోట ఎదురవుతాయి. బర్టన్ వదిలి వెళ్లిన వరసల ముక్కలతో కట్టిన దాదాపు పది నిమిషాల వాద్యరచన ఇది. మధ్యలో కొద్ది మాటలు చదువుతారు, అంతే. రచనలో బర్టన్ పేరు ఉంది. తీగల మీద మెత్తని పలకరింపుతో మొదలై, బరువైన రిఫ్ దగ్గర చాలాసేపు నిలబడి, మధ్యలో అన్నీ ఆగిపోయాక ఒంటరి గిటార్ ఒకటి దీర్ఘంగా సాగదీసిన స్వరాలతో మెల్లగా పైకి లేస్తుంది. ఈ ఆల్బంలో ఎవరూ ఏదీ నిరూపించుకోవడానికి ప్రయత్నించని చోటు ఆ రెండు నిమిషాలే. అక్కడ వేగం లేదు, లెక్కల ఆట లేదు, కోపం కూడా లేదు. బర్టన్ కోసం చేసిన నివాళి ఏదైనా ఉంటే అది ఇదే, బేస్‌ను మింగేసిన మిక్సింగ్ కాదు. అదే సమయంలో, బేస్‌ను ముందుకు తెచ్చి నిలబెట్టిన మనిషి స్మృతిలో కట్టిన పాటలో బేస్ వినపడకపోవడాన్ని మించిన విడ్డూరం ఇంకొకటి లేదు. మొదటిసారి ఈ సంగతి తట్టినప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు అంత నవ్వు రాదు. బరువైన రిఫ్‌ను అన్నిసార్లు తిప్పడం సంగీతపరంగా అవసరమా అంటే కాదనే చెబుతాను. తొందరగా వదిలిపెట్టబుద్ధి కాలేదని అర్థం చేసుకుని ఊరుకుంటాను.

అది సన్నగిల్లిన వెంటనే 'డయర్స్ ఈవ్' మీద పడుతుంది. తల్లిదండ్రులకు రాసిన కోపపు ఉత్తరం ఆ పాట. హెట్‌ఫీల్డ్ క్రిస్టియన్ సైన్స్ అనే మతశాఖను పాటించే ఇంట్లో పెరిగాడు; వైద్యం వద్దనే ఆ విశ్వాసం వల్ల, క్యాన్సర్ వచ్చినా చికిత్సకు వెళ్లని తల్లిని కుర్రతనంలోనే పోగొట్టుకున్నాడు. న్యాయం, యుద్ధం, వెలివేత అంటూ లోకం మీద పాటలు పాడినవాడు చివరికి ఇంటి తలుపు తడతాడు. ఆ కోపానికి వాయిదాలు లేవు, తోకలు లేవు. తొమ్మిదింటిలో అన్నిటికంటే కురచ పాట అదే, అన్నిటికంటే వేగమైనదీ అదే. ఉల్రిచ్ కాళ్లకు అది ఎంత కష్టమైన పాటో గాని, వేదిక మీద మొదటిసారి పూర్తిగా వాయించడానికి 2004 దాకా ఆగారు. డ్రమ్మరుగా అతని మీద నాకున్న ఫిర్యాదులు చాలా ఉన్నా, ఈ ఆల్బంలో అతను డ్రమ్స్‌ను రిఫ్‌లా కట్టిన తీరుకు వంక పెట్టలేను.

అవార్డుల మాట ఒక్క ముక్కలో. 1989లో గ్రామీవారు హార్డ్ రాక్, మెటల్‌కు కలిపి కొత్తగా పెట్టిన బహుమతి ఈ ఆల్బానికే వస్తుందని అందరూ అనుకుంటుండగా, వేణువు ప్రధానంగా వినిపించే జెత్రో టల్ బృందానికి ఇచ్చారు. మరుసటి ఏడు 'వన్'కు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. జెత్రో టల్‌ను తిట్టేవారి జట్టులో నేను లేను, వాళ్లు మంచి బృందం. ఆల్బం మాత్రం అమెరికా పట్టికలో ఆరో స్థానం దాకా వెళ్లింది, అక్కడే ఎనభై లక్షల ప్రతుల స్థాయి ధ్రువీకరణ సంపాదించింది. వినపడని బేస్ అమ్మకాలకు అడ్డు రాలేదు.

న్యూస్టెడ్ నిజంగా ఏం వాయించాడో తెలుసుకోవడానికి ఇప్పుడు దారులున్నాయి. సంగీత వీడియో గేముల కోసం ఇచ్చిన విడివిడి ట్రాకుల్లోంచి బేస్‌ను తీసి, లేదా తామే కొత్తగా వాయించి, అసలు రికార్డుతో కలిపిన మిక్సులను అభిమానులు ఇంటర్నెట్‌లో పెట్టారు. వాటిలో కొన్ని ముతకగా ఉంటాయి; బేస్ లేని లోటు మీద కసితో దాన్ని అవసరానికి మించి పెంచి, గిటార్‌ను ముంచేస్తారు. బాగా చేసినవి వింటే 'బ్లాకెన్డ్'కు కాళ్ల కింద నేల దొరికినట్టుంటుంది. అతను వాయించినది గిటార్‌కు వట్టి నీడ కాదని, రిఫ్ మలుపుల దగ్గర చిన్న చిన్న పరుగులు, పల్లవి అంచుల్లో దిగుడు వరసలు ఉన్నాయని అప్పుడు గాని తెలియదు. అంతకంటే అధికారికమైన సాక్ష్యం 1989 ఆగస్టులో సియాటిల్‌లో చేసిన కచేరీల రికార్డింగు; 1993లో వచ్చిన ప్రత్యక్ష కచేరీల పెట్టెలో అది ఉంది. ఈ పాటలు బేస్‌తో, జనం హోరుతో, కాస్త వేగంగా ఎలా ఉంటాయో అందులో వినవచ్చు. 'బ్లాకెన్డ్'తో మొదలయ్యే ఆ కచేరీలో న్యూస్టెడ్ గొంతు కూడా హెట్‌ఫీల్డ్‌కు వంత పాడుతూ వినిపిస్తుంది. స్టూడియోలో మూసేసిన మనిషి వేదిక మీద ఎంత శక్తిమంతుడో చూసినవారికి, మిక్సింగ్ గదిలో జరిగినది మరింత అన్యాయంగా తోస్తుంది. ఎవరికైనా ఈ ఆల్బాన్ని పరిచయం చేయవలసి వస్తే, ముందు స్టూడియో రికార్డు వినిపించి, వెంటనే ఆ సియాటిల్ 'బ్లాకెన్డ్' వినమంటాను.

2018లో ముప్పై ఏళ్లు నిండిన సందర్భంగా ఆల్బాన్ని రీమాస్టర్ చేసి (ధ్వనికి మెరుగులు దిద్ది) మళ్లీ విడుదల చేసినప్పుడు, బేస్‌ను పెంచుతారని చాలామంది ఎదురుచూశారు. పెంచలేదు. అది ఆ కాలపు రికార్డు, దాన్ని అలాగే ఉండనివ్వాలన్నది బృందం వైఖరి. ఆ వైఖరిలో సగం నేను ఒప్పుకుంటాను. 1988 నాటి రికార్డును తుడిచేసి దాని స్థానంలో సవరించిన దాన్ని పెట్టడం సరికాదు. నేను ఇన్నేళ్లు విన్న ఆ ఎండిన ధ్వని, ఆ కుడిచేతి దెబ్బలు, ఆ 'టక్ టక్' నాకు అలాగే కావాలి. కానీ పాతదాన్ని ఉంచి పక్కన ఇంకొక మిక్సును ఇవ్వడానికి అడ్డేముంది? ఆ పునర్విడుదలలో అత్యంత ఖరీదైన పెట్టె నిండా నమూనా టేపులు, రఫ్ మిక్సులు, కచేరీలు కుక్కారు. న్యూస్టెడ్ బేస్‌ను సరైన పాళ్లలో కలిపిన తొమ్మిది పాటలకు మాత్రం అందులో చోటు దొరకలేదు. పాటలను అంగుళం కూడా కుదించనక్కరలేదు. ఎవరైనా ఆ టేపులను బయటికి తీసి, ఒక్క మీటను పైకి జరిపితే చాలు.